ఎవరు చేసిరి?



మన పల్లెలలో పసిబిడ్డ మూడు దినములు కన్ను తెరువక పడియున్నను, నిండుగా పాలిచ్చు బర్రె ఉన్నట్టుండి చేపకపోయినను, కొత్తకోడలు నడిరాత్రి లేచి జుట్టు విరబోసికొని కేకలు వేసినను, ఇంటివారి నోట మొదట వచ్చు మాట ఒక్కటే. "ఎవరో చేసిరి" అందురు. ఆ వెంటనే రెండవ మాట వచ్చును. "ఎవరు చేసిరి?" అందురు. ఈ ప్రశ్నకు జవాబు దొరకుటకు ఎంతోసేపు పట్టదు. వాడ చివర ఒంటిగా బ్రదుకు ముసలమ్మ యుండును. మొగుడు పోయి, కొడుకులు లేక, ఎకరమో రెండెకరములో భూమి మాత్రము మిగిలిన విధవరాలు ఉండును. చెట్టుమందు ఇచ్చు ముసలివాడు ఉండును. వ్రేలు అటువైపే తిరుగును.

తిరుమలగిరి అను పేరుతో మన ప్రాంతమున రెండు ఊళ్లున్నవి. ఒకటి సూర్యాపేట నుండి జనగామకు పోవు దారిలో నున్నది. రెండవది నాగార్జునసాగరము చేరువ నున్నది. ఈ రెండు తిరుమలగిరుల నడుమ నున్న నల్లగొండ పల్లెలలోను, పడమట పాలమూరు పల్లెలలోను, బాణామతి, చేతబడి అను పేళ్లు వినని వారెవరు? సంఘములో చేరి, బాప్తిస్మము పొంది, ఆదివారము బల్లలో పాలుపొందు వారి యిండ్లలోను ఈ భయము కొంత నిలిచియే యున్నది. కాబట్టి దయ్యములను గూర్చి మనుష్యులు ఆయా కాలములలో ఏమి నమ్మిరో, ఆ నమ్మకము వారి చేత ఏమి చేయించెనో, నిదానముగా ఆలోచింతము.

మొదట దయ్యము అను మాటనే చూడుడి. ఇది ఎక్కడనుండి వచ్చెను? దైవము అను సంస్కృత పదమే తెనుగువారి నోట అరిగి దయ్యము అయినది. మన పూర్వకవుల తెనుగులో దయ్యమనగా దేవుడనియు, విధి యనియు అర్థము. ఇంటి వేల్పును పిలిచిన మాటయే కాలము గడచిన కొలది వల్లకాటిలో తిరుగు పిశాచమునకు పేరాయెను.

ఇట్లు జరిగినది మన భాషలో మాత్రమే కాదు. ఋగ్వేదములో వరుణుని వంటి దేవతలను అసురుడని గౌరవముగా పిలిచిరి. తరువాతి పురాణములలో అసురుడనగా దేవతలకు పగవాడు. పారసీకుల ప్రాచీన గ్రంథమైన అవెస్తాలో ఇది తలక్రిందులుగా నున్నది. అక్కడ అహుర అనునది దేవుని పేరు. దేవ అను మాటకు సమానమైన దయేవ అనునది దుష్టశక్తి పేరు. ఒకే మూలము నుండి వచ్చిన రెండు జనములలో ఒకరి దేవుడు వేరొకరికి దయ్యమాయెను. గ్రీకువారిలో డైమోను అనగా మొదట దేవతయో, మనుష్యునికి తోడుండు ఆత్మయో. క్రొత్త నిబంధన కాలమునకు ఆ మాటనుండి పుట్టిన పదమే అపవిత్రాత్మకు పేరైనది. ఎక్రోను పట్టణపు ఫిలిష్తీయులు బయల్జెబూబు అను వానిని దేవుడని కొలిచిరని రాజుల రెండవ గ్రంథము మొదటి అధ్యాయములో చదువుచున్నాము. సువార్తలలో ఇంచుమించు అదే పేరు దయ్యముల అధిపతికి వచ్చినది.

దీనినిబట్టి ఏమి తెలియుచున్నది? అదృశ్యమైన దుష్టశక్తి యున్నదని దాదాపు ప్రతి జనమును నమ్మినది. అయితే ఆ శక్తికి పేరు పెట్టునప్పుడు మనుష్యులు తమ పొరుగువాని వైపు చూచి, తమకు గిట్టనివాని పేరే పెట్టిరి. ఈ సంగతి మనస్సున ఉంచుకొనుడి.

ఆయా మతములలో జ్ఞానులు మరియొక మాట కూడ చెప్పిరి. నాగార్జునసాగరము కట్టినప్పుడు నీట మునిగిపోవు లోయలో 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిగెను. అక్కడ ఇక్ష్వాకు రాజుల కాలపు బౌద్ధశిల్పములు బయటపడెను. వానిని నేటికిని నాగార్జునకొండ మ్యూజియములో చూడవచ్చును. మారుడు తన సేనతో బుద్ధునిమీదికి వచ్చుట ఆ శిల్పములలో నున్నది. ఆ మారుడు ఎవరి బర్రెను చంపుటకును రాలేదు. ధ్యానములో నున్న వాని మనస్సును ఆశచేతను భయముచేతను కదలించుటకు వచ్చెను. అనగా పోరాటము లోపల జరిగినది. ఆ కొండలోనే హారీతికి కట్టిన గుడి యొకటి కనబడెను. హారీతి పరుల పిల్లలను తిను యక్షిణి యట. ఆమెకు అయిదువందల మంది పిల్లలు. బుద్ధుడు వారిలో కడగొట్టు బిడ్డను దాచిపెట్టగా ఆమె వెదకి వెదకి యేడ్చెను. అంతమందిలో ఒక్కడు లేకున్ననే నీకు ఇంత దుఃఖమైతే, ఒక్కడే బిడ్డ గల తల్లి మాటయేమి అని ఆయన అడిగెనట. అప్పుడామె మారి పిల్లలను కాపాడునదాయెను. రాక్షసి యని పేరుపొందిన దానిని కూడ కొట్టలేదు, కాల్చలేదు, తల్లిగా చేసిరని ఆ కథ చెప్పుచున్నది.

యాదగిరిగుట్ట నరసింహుని కథ మన జిల్లావారికి తెలియనిది కాదు. అందులో ప్రహ్లాదుడు అసురుని కుమారుడే. రామాయణములో విభీషణుడు రావణుని తోడబుట్టినవాడే. పుట్టుకనుబట్టి ఒకనిని రాక్షసుడని తీర్చకూడదని ఆ కథలు చెప్పిన వారికి తెలియును. ముస్లిము సహోదరుల ఖురానులో 72వ అధ్యాయమునకు జిన్ను అనియే పేరు. జిన్నులలో కొందరు దేవుని మాట విని నమ్మిరని అందులో నున్నది. ఇన్ని మతములవారు ఇన్ని విధములుగా చెప్పినను, ఈ కథలలో దేనిలోను వాడ చివరి ముసలమ్మను పట్టి కొట్టుమని లేదు.

మరి కొట్టుట ఎక్కడనుండి వచ్చెను? భయము నుండి వచ్చెను. కంటికి కానరాని దయ్యమును పట్టుట ఎవరికిని చేతకాదు. కంటికి కనబడు పొరుగువానిని పట్టుట సులభము. బాణామతి నమ్మకములో దయ్యము తనంతట తాను రాదు. ఒక మనిషి మంత్రము చదివి పంపవలెను. భూతవైద్యుడు రూకలు పుచ్చుకొని వేపమండలతో దిగదుడిచి, "ఇది తూర్పు దిక్కున నున్న ఆడుదాని పని" అని చెప్పునంతలో ఆ మనిషి దొరికినట్లే. తరువాత పంచాయితీ, చెట్టుకు కట్టుట, పండ్లు ఊడగొట్టుట, కొన్ని చోట్ల కిరోసిను పోసి కాల్చుట. పండ్లు ఎందుకు ఊడగొట్టుదురో యెరుగుదురా? పండ్లు లేని నోట మంత్రము సరిగా పలుకదని నమ్మకము. ముసలితనమున అన్నము నమలుటకు మిగిలిన నాలుగు పండ్లను పొరుగువారే రాతితో కొట్టి తీయుదురు.

ఇవి పాత కాలపు సంగతులని కొట్టివేయకుడి. దేశములోని హత్యల కారణములను ప్రభుత్వపు నేర గణాంక సంస్థ యేటేట ప్రకటించును. మంత్రవిద్య చేసిరను అనుమానముతో 2021వ సంవత్సరములో దేశమందు 68 హత్యలు జరిగెనని ఆ లెక్కలలో నున్నది. ఇవి పోలీసుల వరకు వచ్చి వ్రాయబడినవి మాత్రమే. దెబ్బలు తిని ఊరు విడిచిపోయిన వారు, వెలివేయబడి మంచినీళ్లబావికి రానియ్యబడని వారు ఈ లెక్కలో లేరు.

ఇది అన్యుల పాపము, మనకేమి యని యెవరైన అనుకొందురేమో. అట్లనుకొనుటకు చరిత్ర ఒప్పుకొనదు. క్రైస్తవ దేశములలోనే ఈ పాపము మిక్కిలి ఘోరముగా జరిగెను. ఐరోపాలో 15వ శతాబ్దము నుండి 18వ శతాబ్దము వరకు మంత్రగత్తెలను పేరుతో ఇంచుమించు నలుబది వేలనుండి అరువది వేలమంది వరకు చంపబడిరని చరిత్రకారుల అంచనా. వారిలో ఎక్కువమంది స్త్రీలు. తీర్పు చెప్పినవారు బైబిలు చదివినవారే. మోషే ధర్మశాస్త్రములోని ఒక్క వాక్యమును పట్టుకొని, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక యెవనిమీదను నేరము స్థిరపరచకూడదని అదే ధర్మశాస్త్రము చెప్పుట మరచిరి. అబద్ధసాక్ష్యము పలికినవానికి, తాను పొరుగువానికి చేయదలచినదే చేయవలెనని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో నున్నది. దానిని చదువక విడిచిరి.

ఆ చీకటిలో దీపము పట్టిన వారును లేకపోలేదు. జర్మనీ దేశములో ఫ్రీడ్రిక్ స్పే అను గురువు చావుశిక్ష పడిన స్త్రీల ఒప్పుకోలు వినువాడు. ఆయన 1631లో తన పేరు చెప్పక ఒక గ్రంథమును అచ్చువేయించెను. హింసపెట్టిన యెడల ఎవరైనను నేరము ఒప్పుకొందురనియు, ఆ హింసయే మంత్రగత్తెలను పుట్టించుచున్నదనియు అందులో చూపెను.

అమెరికాలో సేలము అను ఊరి సంగతి వినుడి. 1692లో అక్కడి కొందరు బాలికలు మూర్ఛలు వచ్చినట్లు పడి కేకలు వేసిరి. పెద్దలు అడిగినది మన పల్లె ప్రశ్నయే. ఎవరు చేసిరి? బాలికలు పేళ్లు చెప్పిరి. ఒక్క యేటిలో 19 మందిని ఉరితీసిరి. ఒక ముసలివానిని బండలక్రింద నలిపి చంపిరి. వారిలో ప్రార్థనకు వచ్చు సంఘస్థులును ఉండిరి. అయిదేండ్లు గడచెను. 1697లో ఆ దేశమందు ఉపవాసదినము చాటించబడెను. ఆ దినమున తీర్పరులలో ఒకడైన సామ్యూలు సూయల్ గుడిలో సమాజము ఎదుట లేచి నిలువబడగా, తన అపరాధమును ఒప్పుకొను అతని పత్రమును బోధకుడు చదివెను. 1706లో ఆన్ పట్నం అను ఆమెయు గుడిలో అట్లే నిలువబడి క్షమాపణ వేడెను. పేళ్లు చెప్పినప్పుడు ఆమె పండ్రెండేండ్ల పిల్ల. ఒప్పుకొనుట మంచిదే. గాని ఉరిత్రాడు మీదికి పోయినవారు ఒప్పుకోలు వలన తిరిగి రాలేదు.

ఇప్పుడు సువార్తలు తెరువుడి. దయ్యములు పట్టినవారిని మన ప్రభువు ఎందరినో బాగుచేసెను. ఆ వృత్తాంతములన్నిటిని ఒక్కొక్కటిగా చదివి చూడుడి. ఎక్కడనైనను ఒక్కమారైనను, ఈ దయ్యమును నీమీదికి పంపినవారెవరని ఆయన అడిగెనా? అడుగలేదు. గెరాసేనుల దేశములో సమాధులలో తిరిగి రాళ్లతో తన్ను తాను కోసికొనువానిని చూచెను. అపవిత్రాత్మను పేరు అడిగెను గాని ఊరివారిలో ఎవరి పేరును అడుగలేదు. వాడు బట్టలు కట్టుకొని స్వస్థచిత్తుడై కూర్చుండువరకు వానిని విడువలేదు. పిమ్మట వానిని తన యింటివారియొద్దకు పంపెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, ఇది ఎవరి పాపమని అడిగినప్పుడు, ఆయన ఆ ప్రశ్ననే త్రోసివేసి వాని కన్నులు తెరచెను. మనము అడుగు ప్రశ్న వేరు, ఆయన చేసిన పని వేరు.

అంతేకాదు. చేతబడి చేసెనను నింద ప్రభువుమీదనే పడినది! బయెల్జెబూలు సహాయముతో దయ్యములను వెళ్లగొట్టుచున్నాడని పరిసయ్యులు చెప్పలేదా? దయ్యము పట్టినవాడని మొగముమీదనే అనలేదా? నేడు పల్లెలో ఒక ముసలమ్మను చెట్టుకు కట్టి నింద మోపునప్పుడు, నింద మోపబడిన వైపున ప్రభువు ఇంతకుముందే నిలిచియున్నాడు. రాళ్లు పట్టుకొని ఎదుట నిలిచిన వైపున ఎవరున్నారో మీరే యోచించుడి.

సాతాను అను హెబ్రీ మాటకు ఎదిరించువాడు, నేరము మోపువాడు అని అర్థము. గ్రీకులో వానికి పెట్టిన పేరునకు కొండెములు చెప్పువాడని అర్థము. మన తెలుగు బైబిలును తర్జుమా చేసినవారు దానికి అపవాది యను మాటను చక్కగా ఏర్పరచిరి. అపవాదు వేయువాడే అపవాది. యోబుమీద దేవుని యెదుట నేరము మోపినవాడు వాడే. ప్రకటన గ్రంథము 12వ అధ్యాయములో సహోదరులమీద రాత్రింబగళ్లు నేరము మోపువాడని వానికే పేరు. కొమ్ములు, గోళ్లు, ఎఱ్ఱని కన్నులు చిత్రకారులు వ్రాసినవి. లేఖనము చూపిన గురుతు అపవాదు. దయ్యము ఎక్కడ నున్నదని వెదకువారు రోగి మంచముమీద వెదకక, గుసగుసలాడు అరుగుమీద వెదకవలెను.

అట్లయిన రోగములు ఎక్కడనుండి వచ్చుచున్నవని అడుగుదురు. కొన్నిటి చరిత్ర మన వాకిటనే యున్నది. చలిజ్వరము వచ్చినవాడు గజగజ వణకి పలవరించును. పూనినదని పూర్వులు అనుకొనుట వింతకాదు. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డు రాస్ అను వైద్యుడు మన సికిందరాబాదులోనే దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని కనిపెట్టెను. అది ఏ మంత్రగాని పనియు కాదు, నిలువనీటి దోమ పని.

నల్లగొండ జిల్లాలో ఎన్నో పల్లెలలో పిల్లల కాళ్లు వంకరలు పోయెను. నడివయస్సువారి నడుములు వంగి, మెడ తిరుగక, కీళ్లు బిగిసిపోయెను. ఒక యింటిలో కాదు, ఊరంతయు. ఎవరు చేసిరి? నీళ్లు పరీక్షచేసినవారు జవాబు చెప్పిరి. రాతిపొరలలోని ఫ్లోరైడు బావినీటిలో కలసి దినదినము ఎముకలలో చేరుచున్నది. పటికతోను సున్నముతోను ఆ నీటిని శుద్ధిచేయు పద్ధతిని నాగపూరు పరిశోధనసంస్థవారు కనిపెట్టగా దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు వచ్చెను. 2016లో మొదలైన మిషన్ భగీరథ వలన నదినీళ్లు పల్లెలకు వచ్చెను. ఊరంతటిని వంచిన ఈ విషమునకు మందు మంచినీళ్లలో దొరికెను గాని, ఏ పొరుగువాని నెత్తురులోను దొరకలేదు.

మూర్ఛరోగము వేరు రోగములకంటె దైవికమైనదేమియు కాదని గ్రీకు వైద్యులు క్రీస్తుకు పూర్వమే, ఇంచుమించు 2400 ఏండ్ల క్రిందట, వ్రాసిరి. మత్తయి సువార్త 4వ అధ్యాయములో సహితము దయ్యము పట్టినవారిని, మూర్ఛరోగులను, పక్షవాయువు గలవారిని వేరువేరుగా చెప్పియున్నది. మందులు క్రమముగా వాడిన మూర్ఛరోగులలో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ బ్రదుకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాన్పు అయిన కొద్దిదినములకు కొందరు తల్లులకు మతి చెదరును. అదియు రోగమే, వైద్యముచేత కుదురును. పౌలు తోటి ప్రయాణికుడైన లూకా వైద్యుడు కాడా? తిమోతి కడుపునొప్పికి పౌలు ప్రార్థనతోపాటు పథ్యము చెప్పలేదా?

మతి చెడినవారిని గొలుసులతో కట్టి స్వస్థత కొరకు ఏ గుడియొద్దనో, దర్గాయొద్దనో, ప్రార్థనామందిరము ఎదుటనో విడిచిపెట్టు వారున్నారు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడు ఏర్వాడిలో అటువంటి రోగులను ఉంచిన యొక పాకకు నిప్పంటుకొనెను. గొలుసులు ఉండుటచేత పరుగెత్తలేక 28 మంది చనిపోయిరి. మన ప్రభువు గొలుసులనుండి విడిపించెను గాని ఎవరికిని గొలుసులు వేయలేదు.

కాబట్టి, ప్రియులారా, మనము చేయవలసినది కొంత యున్నది. ఇంటిలో రోగము వచ్చినప్పుడు ప్రార్థన చేయుడి. ప్రార్థన చేసి లేచిన వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు. బండి కావలసిన 108కి ఫోను చేయుడి. మనస్సు చెదిరినవారి కొరకు ప్రభుత్వము 2022లో టెలిమానస్ అను సహాయమును ఏర్పరచెను. 14416 నంబరునకు ఫోను చేసిన తెలుగులోనే మాటలాడుదురు. భూతవైద్యునికి ఇచ్చు మేకయు కోళ్లును రొక్కమును బిడ్డ మందులకు ఉంచుడి.

"ఎవరు చేసిరి" అను మాట మీ యింటి అరుగుమీద పుట్టినప్పుడు, దానిని అక్కడనే ఆపివేయుడి. మీరు ఆపకున్న ఆ మాట సాయంత్రమునకు వాడ దాటును, రేపటికి పంచాయితీకి చేరును, ఎల్లుండికి ఒక ప్రాణము తీయును. నింద పడిన ముసలమ్మ యింటికి సంఘపెద్దలు పగటివేళ అందరు చూచునట్లు పోయి, ఆమె చేతి మంచినీళ్లు త్రాగుడి. ఆమె ఇచ్చినది తిని మీకు ఏమియు కాలేదని ఊరు చూచినప్పుడు సగము భయము పోవును. కొట్టుటకు జనము చేరుచున్నారని తెలిసిన యెడల 100కు గాని 112కు గాని చెప్పుడి. మహారాష్ట్రలో 2013లోను, కర్ణాటకలో 2017లోను ఇట్టి క్రూరాచారములకు ప్రత్యేక చట్టములు చేసిరి. ప్రత్యేక చట్టము ఉన్నను లేకున్నను, కొట్టుట నేరమే, చంపుట హత్యయే.

దుష్టుడు లేడని నేను చెప్పుట లేదు. వాడు ఉన్నాడు. అయితే వానికి ఊరిలోనికి వచ్చుటకు దారి కావలెను. నిమ్మకాయలోను, వెండ్రుకలు చుట్టిన బొమ్మలోను వానికి దారి లేదు. నిరపరాధిమీదికి చాపిన వ్రేలే వాని దారి. ఆ వ్రేలు మనది కాకుండునట్లు ప్రభువు మన చేతులను మన నోళ్లను కాపాడును గాక. నింద మోసిన ఆయన, నేడు మన పల్లెలలో నింద మోయుచున్నవారికి మనలను తోడుగా నిలుపును గాక. ఆమేన్.